మూసేసిన కేసులో ప్రైవేట్ డిటెక్టివ్ ఏం తేలుస్తాడు? (జార్జ్ రీవ్స్ మరణం)

రమణ:
టీవీలో సూపర్‌మ్యాన్‌గా వేసిన జార్జ్ రీవ్స్ 1959 జూన్ 16న లాస్ ఏంజెలెస్‌లోని తన ఇంట్లో, పడకగదిలో, తూటా తగిలి చనిపోయాడు. 45 ఏళ్లు. పోలీసులు ఆత్మహత్య అన్నారు. తల్లి హెలెన్ బెస్సోలో నమ్మలేదు. జెర్రీ గీస్లర్ అనే పెద్ద లాయర్‌ని, ప్రైవేట్ డిటెక్టివ్‌లని పెట్టుకుంది. తీర్పు మారలేదు. ఇలాంటి కేసుల్లో డిటెక్టివ్ వల్ల ఒరిగేది ఏమీ లేదు, డబ్బు దండగ.

సుజాత:
ఏమీ లేదా? తుపాకీ మీద వేలిముద్రలు లేవు. గది నేలలో వేరే రెండు తూటా రంధ్రాలు. తానే కాల్చుకున్నాడా అని తేల్చే గన్‌పౌడర్ పరీక్ష చేతుల మీద చెయ్యలేదు. ఆ రాత్రి ఇంట్లో కింద ఉన్న అతిథులు పోలీసులకి వెంటనే ఫోన్ చెయ్యలేదు. ఇవి ఎవరో ఒకరు అడగాలి కదండీ.

రమణ:
తుపాకీకి నూనె రాసి ఉంది, అందుకే ముద్రలు దొరకలేదు. రంధ్రాలు ముందెప్పుడో తాను కాల్చినవని కాబోయే భార్య లియోనోర్ లెమన్ చెప్పింది. రక్తంలో ఆల్కహాల్ 0.27 శాతం, అంటే బాగా తాగి ఉన్నాడు. ఇంకేం కావాలి?

సుజాత:
ఆ నూనె ఎవరు రాశారు? ఎప్పుడు?

కిరణ్:
ఎంజీఎం సినిమా స్టూడియో పెద్ద ఎడ్డీ మానిక్స్ పేరు ఎవరూ ఎత్తరేం? ఆయన భార్య టోనీతో రీవ్స్‌కి ఏళ్ల తరబడి సంబంధం.

సుజాత:
అనుమానమే తప్ప సాక్ష్యం లేదు కిరణ్. అందుకే ఎత్తలేదు.

రమణ:
నూనె దగ్గరే ఆగిపోయారు మీరు.

పద్మ:
మన దగ్గర డిటెక్టివ్‌లకి ప్రత్యేక చట్టమే లేదు. 2007లో రాజ్యసభలో బిల్లు పెట్టారు, చట్టం కాలేదు.

రమణ:
అదే నేను చెప్పేది! మా పెద్దమ్మ కొడుకు చెరువులో తేలాడు. ఆవిడ ఒక డిటెక్టివ్‌ని పెట్టింది. ఎనిమిది నెలలు "ఇంకొక్క సాక్షి ఉన్నాడమ్మా" అంటూ తిప్పాడు. గాజులు అమ్మింది. చివరికి ఇచ్చింది రెండు కాగితాలు, పంచనామాలో ఉన్న ముక్కలే. మీకు ఇవన్నీ కథల్లా ఉంటాయి.

సుజాత:
కథలా? మా తమ్ముడు హాస్టల్‌లో పోయాడు. పంచనామా మీద నాన్న చేత సంతకం పెట్టించుకున్నారు, చదవనివ్వలేదు. డిటెక్టివ్‌ని పెట్టే స్తోమత మాకు లేదు. గది తలుపు లోపల గడియ వేసి ఉందా లేదా అని అమ్మ పదకొండేళ్లుగా అడుగుతోంది. వాడు తనంతట తానే పోయాడని తేలినా ఆవిడ ఒప్పుకుంటుంది. ఎవరైనా చూసి చెప్పాలి, అంతే.

పద్మ:
సుజాతగారూ, అయ్యో.

రమణ:
క్షమించండమ్మా, నాకు తెలియదు. మా పెద్దమ్మ కూడా చూసి చెబితే చాలనే అంది. వాడు చూడలేదు, చెప్పలేదు, నాన్చాడు. నా కోపం అడగడం మీద కాదు, ఆ నాన్చుడు మీద.

సుజాత:
అయితే పైన "ఏమీ లేదు" అన్న మాట తీసెయ్యండి.

రమణ:
తియ్యను. రీవ్స్ తల్లికి తీర్పు మారలేదు.

సుజాత:
తీర్పు మారిందా అని నేను అడగలేదు. నూనె ఎవరు రాశారని అడిగాను.