గృహహింస నిధికి బ్రాందీ షాపు చందా తీసుకోవచ్చా?

భీమవరం మిల్లరు:
అందరికీ నమస్కారం అండీ. మాది భీమవరం దగ్గర రైస్ మిల్లు. నవంబరు 25 మహిళలపై హింసను ఎదిరించే అంతర్జాతీయ దినం కదా, ఆ రోజుకల్లా మా వ్యాపారుల సంఘం తరఫున గృహహింస నివారణకి ఒక నిధి పెట్టాలని తీర్మానించాం. మిల్లులు, రొయ్యల ప్లాంట్లు, ఐస్ ఫ్యాక్టరీలు, నగల షాపులు తలా కొంత వేస్తున్నాయి. ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో కంపెనీల వాళ్ళు జట్లుగా రాత్రి నుంచి తెల్లవారేదాకా పరుగెత్తి ఇందుకోసమే డబ్బు పోగుచేశారని చదివి, మనం కూడా ఒక పరుగు పెడదామన్నారు మా కుర్రాళ్ళు.

ఇంతలో చిక్కొచ్చి పడింది. మద్యం షాపుల్లో వాటాలున్న ఒకాయన అందరికంటే పెద్ద మొత్తం ఇస్తానన్నారు. డబ్బు ఎవరిదైతేనేం, పని జరగాలని సగం మంది. అది ముట్టుకుంటే ఊళ్ళో ఆడవాళ్ళకి మొహం ఎలా చూపిస్తామని మిగతా సగం. నేనింకా తేల్చుకోలేదు. మీరేమంటారు?

కాలువగట్టు:
వద్దు. ఒక్క రూపాయి కూడా వద్దు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రి బడిలో మొదలైన మాట రాష్ట్రమంతా పాకింది. 1993లో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. రెండేళ్ళకే దాన్ని ఎత్తేశారు. 2024 అక్టోబరులో షాపులు మళ్ళీ ప్రైవేటు చేతికొచ్చాయి. మా మేనత్త ఒంటి మీద సీసా దెబ్బల మచ్చలున్నాయి. పొద్దున సీసా అమ్మి, రాత్రి తగిలిన దెబ్బకి కట్టు కట్టిస్తానంటే ఆవిడకి నేనేం చెప్పాలి?

తణుకు బాబాయ్:
కాలువగట్టు గారూ, మీ మేనత్త గారి బాధ నాకు అర్థమైంది. అయినా తాగుడే మూలం అంటే ఒప్పుకోలేను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. తరచూ తాగే మొగుడున్న ఇళ్ళలో పదిమంది ఆడవాళ్ళలో ఏడుగురి దాకా హింస పడ్డారు, నిజమే. కానీ బొత్తిగా తాగని మొగుళ్ళున్న ఇళ్ళలో కూడా నలుగురైదుగురిలో ఒకరు పడ్డారు. మా వీధిలో ఒక పెద్దమనిషి ఉండేవారు. టీ తప్ప ఇంకేమీ ముట్టని మనిషి. ఆ ఇంట్లోంచి వచ్చే ఏడుపు వీధంతా విన్నాం. ఆయన తాగడు కాబట్టి ఎవరం నోరు మెదపలేదు. నేనూ మెదపలేదు. నెపమంతా మందు మీద పెడితే అలాంటివాళ్ళు తప్పించుకుంటారు.

నా భయం వేరే ఉంది. కూలీలు ఇప్పటికే అడ్వాన్సులు తీసుకుని మిల్లు ఓనరు చేతికింద ఉంటారు. ఆ ఓనరే వాళ్ళ సంసారంలో కూడా కలగజేసుకుంటే అది సాయం అవుతుందా, పెత్తనం అవుతుందా? సంసారం గుట్టు, రోగం రట్టు అన్నారు పెద్దలు.

కోర్టు మెట్లు:
బాబాయ్ గారూ, పెత్తనం గురించి మీరన్నది నిజం. సామెతను మాత్రం తిప్పి చదవండి. భార్యను కొట్టడం రోగమే, కాబట్టి రట్టు కావాల్సిందే. మీరు చెప్పిన సర్వేలోనే ఉంది, దెబ్బలు తిన్నవారిలో సాయం అడిగినవారు 14 శాతమే.

నేను ఈ కేసులు చూసే లాయర్ని. నిధి ఎందుకో ముందు తేల్చుకోండి, ఎవరిదో తర్వాత. గృహహింస చట్టం 2005లో వచ్చింది, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉంది. ఇల్లు భర్త పేరునో అత్తగారి పేరునో ఉన్నా ఆమెను గెంటెయ్యకుండా మెజిస్ట్రేటు ఉత్తర్వు ఇవ్వొచ్చు. ఖర్చులు ఇప్పించొచ్చు. 60 రోజుల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే రాసుంది, మా దగ్గర వాయిదాలు ఏళ్ళకేళ్ళు నడుస్తున్నాయి. లాయర్ ఫీజుకి మీ నిధి అక్కర్లేదు. ఆదాయం ఎంతున్నా ఆడవారికి న్యాయసేవా సంస్థలో ఉచితంగా లాయర్ని ఇస్తారు. మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేస్తే, హింస పడ్డ ఆడవారికి సాయం చేసే సఖి కేంద్రానికి దారి చూపిస్తారు. కానీ అక్కడ ఉండనిచ్చేది మామూలుగా 5 రోజులే. ఆరో రోజు పిల్లల్ని తీసుకుని ఎక్కడికెళ్ళాలి? వాయిదాకొచ్చిన ప్రతిసారీ బస్సు ఛార్జీ అవుతుంది, ఆ రోజు కూలి పోతుంది. నా దగ్గరికొచ్చిన ఆడవాళ్ళు రాజీపడింది మొగుడు మారాడని కాదు, ఈ చిన్న ఖర్చులు మొయ్యలేక.

ఆడిటర్:
ఒక చిన్న మాట. నికర లాభం ఏడాదికి 5 కోట్లు దాటిన కంపెనీ మూడేళ్ళ సగటు లాభంలో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. ఆడవాళ్ళకి వసతి గృహాలు కట్టడం అందులోకే వస్తుంది. పెద్ద రొయ్యల కంపెనీలు ఇవ్వాల్సిన డబ్బు ఇది, దాన్ని చందా అనకండి. అయితే కేవలం సొంత ఉద్యోగులకి పెట్టే ఖర్చు ఆ లెక్కలోకి రాదు.

షెడ్డు పిల్ల:
నేను నాలుగేళ్ళు రొయ్యల షెడ్డులో చేశాను. తల తీసి, వలిచే పని. పొద్దుటి నుంచి ఐసు నీళ్ళలో చేతులు. కూలి డబ్బు మేస్త్రీ చేతికి వచ్చేది. ఆయన నాకివ్వకుండా మా ఆయనకిచ్చేవాడు, ఇంటి మగాడు కదా అని. అడిగితే ఇంటికెళ్ళాక దెబ్బలు. దెబ్బలకి రెండు రోజులు మానితే పనిలోంచి పేరు తీసేసేవారు. ఈ సంగతి ఓనరుగారికి తెలియదని అనుకోను. వారానికోసారి షెడ్డుకొచ్చేవారు, నా కన్ను వాచి ఉండడం చూశారు.

మాది సఖినేటిపల్లి వైపు, పుట్టిల్లు నరసాపురం వైపు. ఒకరోజు రాత్రి పిల్లాణ్ణి చంకనేసుకుని రేవుకి పరుగెత్తాను. గోదారి దాటించే ఆఖరి పంటు వెళ్ళిపోయింది. తెల్లారేదాకా రేవు మెట్ల మీదే కూర్చున్నాను. గోదారి అవతల మా ఊరి దీపాలు కనిపిస్తూనే ఉన్నాయి.

బ్రాందీ షాపాయన డబ్బు మంచిదా చెడ్డదా నాకు తెలియదండీ. కూలి ఎవరు చేస్తే వాళ్ళ ఖాతాలోనే వెయ్యమని మీ సంఘంలో ఎవరైనా అన్నారా?

కాకినాడ:
షెడ్డు పిల్ల గారు రాసింది రెండుసార్లు చదివాను. మన గోదావరి జిల్లాల్లో వర్తకులు ఆడవాళ్ళ పక్షాన నిలబడడం కొత్తేమీ కాదు. 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో వీరేశలింగం గారు తొలి వితంతు వివాహం చేయించారు. ఆ ఉద్యమానికి ధనసాయం చేసింది మా కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్య గారు. ఆ పెళ్ళిళ్ళకి వెళ్ళినవాళ్ళని వెలివేసే రోజులవి. డబ్బుతో పాటు తన పరువు కూడా ఒడ్డారాయన. నేను అడిగేదల్లా, మద్యం షాపాయన ఏం ఒడ్డుతున్నారు? రాత్రి వేళ ముందే కట్టేస్తారా? పర్మిట్ రూము మూసేస్తారా? అవేమీ లేకుండా బ్యానర్ మీద ఫొటో కోసమైతే తీసుకోవద్దు.

కాలువగట్టు:
ఆ షరతుకి ఆయన ఒప్పుకుంటే నేనూ ఒప్పుకుంటాను. ఒప్పుకుంటారని మాత్రం అనుకోవడం లేదు.

తణుకు బాబాయ్:
సెలవు సంగతి కూడా రాయండి. ఫిలిప్పీన్స్‌లో 2004 నుంచే బాధితురాలైన ఉద్యోగినికి 10 రోజులు జీతంతో సెలవుంది. ఆస్ట్రేలియాలో 2023 నుంచి చిన్న షాపుల్లో పనిచేసేవారికి కూడా ఇస్తున్నారు. పరుగు అక్కడి నుంచి తెచ్చుకున్నప్పుడు సెలవెందుకు తెచ్చుకోకూడదు? రెండు రోజులు రానందుకు పేరు కొట్టేసి, నవంబరులో తెల్ల టీషర్టు వేసుకుని పరుగెడితే ఆ అమ్మాయి మనల్ని ఏమనుకోవాలి?

భీమవరం మిల్లరు:
మొన్న మా మిల్లు పుస్తకం తీసి చూశాను. బస్తాలు కుట్టే ఆడవాళ్ళు పదకొండు మంది. అందులో ఏడుగురి కూలి వాళ్ళ మొగుళ్ళ సంతకం మీద పోతోంది. ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఎందుకని అడగలేదు, తప్పు నాదే. ఈ శనివారం నుంచి ఎవరి కూలి వాళ్ళ ఖాతాకే వేస్తాను. ఆదివారం మీటింగులో మిగతా మిల్లర్లని కూడా అడుగుతాను. మద్యం షాపాయన ముందు కాకినాడ గారి షరతు పెడతాను. ఒప్పుకోకపోతే ఆ చందా వద్దని నా ఓటు.

షెడ్డు పిల్ల, చెల్లెమ్మా, ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకు. ఆ రాత్రి రేవు దగ్గర నీకు ఎంత డబ్బుంటే సరిపోయేది?

షెడ్డు పిల్ల:
ఎనిమిది వందలండీ. చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి వెళ్ళాలని ఆటో అబ్బాయి అంత అడిగాడు.