వ్యాలీ ఆఫ్ ఫైర్: అమ్మానాన్నలతో ఏ దారి మేలు?

వచ్చే నెల అమ్మానాన్నలను లాస్ వేగాస్ దగ్గరున్న ఎర్ర రాళ్ళ పార్కు వ్యాలీ ఆఫ్ ఫైర్‌కి తీసుకెళ్తున్నాను. డైనోసార్ల కాలం నాటి ఇసుక దిబ్బలే గట్టిపడి ఈ రాళ్ళయ్యాయని, ఇనుము తుప్పు వల్ల ఆ ఎరుపు వచ్చిందని చదివాను. మరి అదే రాతిలో పక్కనే తెల్ల చారలెందుకు? నాన్న రిటైరైన సోషల్ మాస్టారు, అడగకుండా వదలరు!

ఆయనకి అక్కడి రాళ్ళ మీద ఆదివాసులు చెక్కిన బొమ్మలు చూడాలని ఆశ. అట్‌లాట్ల్ రాక్ అనే బండ మీదివి చూడాలంటే నిటారు మెట్లెక్కాలట, అమ్మకేమో మోకాళ్ళ నొప్పి. మౌసెస్ ట్యాంక్ అనే నడక దారిలో కింద నుంచే కనిపిస్తాయా? 1890ల్లో మౌస్ అనే పైయూట్ తెగ మనిషి దాక్కున్న నీటిగుంట అక్కడిదే. ఆ దారంతా ఇసుకేనట, అందులో అమ్మ నడవగలదా? వెళ్ళొచ్చినవాళ్ళు కాస్త చెప్పండి.