పాత పూల్‌కు వాక్యూమ్ కొట్టేటప్పుడు వాల్వు ఫిల్టర్ మీదనా, వేస్ట్ మీదనా?

షాద్‌నగర్_తోట:
ఫామ్‌హౌస్‌ల పలకలేసిన పాత కాంక్రీటు పూల్. 8 మీటర్ల పొడుగు, 4 మీటర్ల వెడల్పు, సగటు లోతు 1.4. అంటే దగ్గర దగ్గర 45 వేల లీటర్లు. 1 హెచ్‌పీ పంపు, సాండ్ ఫిల్టర్, ఆరు పొజిషన్ల మల్టీపోర్ట్ వాల్వు (పంపు నీళ్లు ఎటు పోవాలెనో తిప్పేది: ఫిల్టర్ అంటే ఇసుకల వడకట్టి మల్ల పూల్‌లకు, వేస్ట్ అంటే నేరుగ బయటికి). గాలిదుమారం వచ్చిన తెల్లారి అడుగున ఎర్ర దుమ్ము పరుచుకుంటది. ఫిల్టర్ మీద పెట్టి వాక్యూమ్ కొడితే నీళ్లు మసకబారి, పొద్దుగూకే వరకు దుమ్ము మల్ల అడుక్కే చేరుతది. వేస్ట్ మీద పెడితే నీళ్లు చానా పోతయి, బోరు అన్ని నీళ్లు ఇయ్యది. మీరైతే దేని మీద పెడతరు?

జడ్చర్ల_పంపులు:
వేస్ట్ మీదనే అన్నా. ఫిల్టర్‌ల ఉండేది 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల ఇసుక. మంచిగున్నప్పుడు 20–40 మైక్రాన్ల దాకా పడ్తది. చల్క నేల దుమ్ముల రవ్వ ఆగుతది గని, బంకమట్టి 2 మైక్రాన్ల కంటే సన్నం. జల్లెడల పిండి జారినట్టు జారి ఇన్‌లెట్ల నుంచి మల్ల పూల్‌లకే వస్తది.

ముందురోజే స్కిమ్మర్ (నీళ్ల మట్టం కాడ తేలే చెత్తను పీల్చేది) నోటి పైఅంచు దాకా నింపుకోర్రి. పంపు ఆపినంకనే హ్యాండిల్ తిప్పాలె. నడుస్తుండంగ తిప్పితే లోపలి స్పైడర్ గ్యాస్కెట్ (దారులను వేరు చేసే రబ్బరు సీలు) లేస్తది, ఇగ ఆ తర్వాత ఫిల్టర్ మీద ఉన్నా వేస్ట్ పైపుల నీళ్లు సన్నగ కారుతనే ఉంటయి. మెయిన్ డ్రెయిన్, స్కిమ్మర్ వాల్వులు కట్టేసి పీల్చుడంతా వాక్యూమ్ పాయింట్‌కే (హోస్ తగిలించే రంధ్రం) ఇయ్యాలె. హెడ్డును నిదానంగ, ఒక పట్టీ మీద ఇంకో పట్టీ కొంచెం ఎక్కేటట్టు నడపాలె. తొందరపడితే దుమ్ము లేచి నీళ్లల్ల కలుస్తది, ఇగ మల్ల అడుక్కు దిగేదాక ఆగుడే.

దేవరకొండ_నీళ్లు:
వేస్ట్ అనుడు అలకనే, లెక్క చెయ్యుర్రి జర. ఆ పంపు నిమిషానికి 200 లీటర్లు తోడుతదనుకుందాం. 20 నిమిషాల వాక్యూమ్‌కు 4 వేల లీటర్లు. 32 చదరపు మీటర్ల పూల్‌ల మట్టం 12 సెంటీమీటర్ల పైనే దిగుతది. ఇగ స్కిమ్మర్ వాల్వు తెరిస్తే గాలి పీలుస్తది, పంపుల గాలి పడ్తది. మల్ల నింపాలంటే 5 వేల లీటర్ల ట్యాంకర్. ఏప్రిల్, మే నెలల్ల దుమారం వచ్చిన ప్రతిసారి ట్యాంకరా? పక్కపొలం బోరు ఎండిపోతుంటే ఇది చేసే పనేనా? ఫిల్టర్ మీద కొట్టి బ్యాక్‌వాష్ (నీళ్లు ఉల్టా పంపి ఇసుక కడుగుడు) మూడు నిమిషాలు, రిన్స్ (సీదా కడుగుడు) అర నిమిషం ఇస్తే 700 లీటర్లల్ల పని అయిపోతది.

జడ్చర్ల_పంపులు:
ఆ 700 లీటర్లు పోసినా బంకమట్టి ఎక్కడికి పోయింది? పూల్‌లనే ఉన్నది కదా. ఇంకో సంగతి. ఎండాకాలం రోజుకు సెంటీమీటరు దాకా ఆవిరైతది. పోయేది నీళ్లే, కాల్షియం ఇక్కడనే ఉంటది. టీసీసీఏ క్లోరిన్ బిళ్లలు వాడెటోళ్లకు ఆ బిళ్లల్ల ఉండే సయనూరిక్ యాసిడ్ గూడ పేరుకుంటది: 10 పీపీఎం క్లోరిన్ ఇస్తే 6 పీపీఎం అది చేరుతది. అది ఎక్కువైతే క్లోరిన్ ఉన్నా నాచు పడ్తది. ఈ రెండూ తగ్గాలంటే పాతనీళ్లల్ల కొంత తీసెయ్యాల్సిందే. ఎట్లయినా తీసే నీళ్లు వాక్యూమ్‌తోనే పోనియ్యుర్రి.

దేవరకొండ_నీళ్లు:
సయనూరిక్ మాట ఒప్పుకుంటా. కాల్షియం మాట ఒప్పుకోను. నింపేది అదే బోరు నీళ్లయితే, తీసి పోసినంత మాత్రాన ఎంత తగ్గుతది?

లేటరల్:
ఇద్దరూ ఫిల్టర్ మంచిగున్నదనుకొని కొట్లాడుతున్నరు. పూల్ పాతదంటే ముందు ఇసుకను చూడాలె. మామూలుగా ఐదారేండ్లకు మారుస్తరు. మన కఠిన నీళ్లకు సున్నం పట్టి ఇంకా ముందే గడ్డకడ్తది. అప్పుడు నీళ్లు ఇసుకంతటి నుంచి పోకుండ ఒక్కటే సందు చేసుకొని పోతయి, రవ్వ గూడ ఆగది.

పరీక్ష: వాక్యూమ్ నడుస్తుండంగ ఇన్‌లెట్ మూతికి తెల్ల కాటన్ గుడ్డ ఐదు నిమిషాలు పట్టుర్రి. గుడ్డను ఎండబెట్టి వేళ్లతో నలపాలె. గరగర ఇసుక తగిలితే ఫిల్టర్ అడుగున లేటరల్ పైపు (ఇసుకను ఆపి నీళ్లను మాత్రం తీసుకునే చీలికల పైపు) పగిలినట్టు. మెత్తటి ఎర్ర మరక మాత్రమే అయితే జడ్చర్ల అన్న చెప్పిన బంకమట్టి. ప్రెజర్ గేజ్ గూడ చూడుర్రి. కడిగినంక ఉన్న దానికి 0.5 బార్ పెరిగితే బ్యాక్‌వాష్ టైం వచ్చినట్టు. వారాలైనా ముల్లు కదలకపోతే సంతోషపడొద్దు: గేజ్ చెడిపోయి ఉంటది, లేకుంటే ఇసుకల సందు పడి ఉంటది.

నకిరేకల్_పటిక:
దేవరకొండ అంటే నల్లగొండ జిల్లానే కదా, నల్లగొండ మాట వచ్చి పటిక మాట రాకపోతే ఎట్ల? తాగునీటిలో ఫ్లోరైడ్ తీయడానికి నాగ్‌పూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి రూపొందించిన నల్లగొండ టెక్నిక్‌లో చేసేది పటిక, సున్నం కలిపి తేర్చడమే. పూల్‌లో మసక నీళ్లకూ పటిక పనిచేస్తుంది. 45 వేల లీటర్లకు సుమారు 2 కిలోలు. బకెట్‌లో కరిగించి, పూల్ అంతా చల్లి, వాల్వు రీసర్క్యులేట్‌లో (ఫిల్టర్‌ను తప్పించి తిప్పే పొజిషన్) పెట్టి గంటన్నర తిప్పి, రాత్రంతా పంపు ఆపాలి. పొద్దున అడుగున మెత్తటి పొర కూర్చుంటుంది. దాన్ని మాత్రం తప్పకుండా వేస్ట్ మీదే తీయాలి. ఫిల్టర్‌లోకి పోతే ఇసుకకు జిగురులా పట్టేస్తుంది.

పటిక పీహెచ్‌ను దించుతుంది, అందుకే ఆ టెక్నిక్‌లో సున్నం కలుపుతారు. మన బోరు నీళ్లలో చాలాచోట్ల క్షారత్వం ముందే ఎక్కువ, కాబట్టి పూల్‌కు సున్నం వద్దు. వేస్తే పలకల మీద తెల్ల పొర కడుతుంది. కొనేటప్పుడు నాన్ ఫెర్రిక్ రకం అడగండి, ఇనుమున్న రకం మరకలు పెడుతుంది.

దేవరకొండ_నీళ్లు:
పటిక మంచిదే అక్కా, గని పూల్ మొత్తానికి ఎందుకు? వేస్ట్ పైపుకు హోస్ తగిలించి రెండు 2 వేల లీటర్ల ట్యాంకులల్ల పడనియ్యుర్రి. బంకమట్టి ఉత్తగ దిగాలంటే మీటరు లోతుకు మూడు రోజులు, ఇంకా సన్నపుదైతే అంతకన్నా ఎక్కువ పడ్తది. 4 వేల లీటర్లకు 200 గ్రాముల పటిక కలిపితే తెల్లారేసరికి తేటపడ్తయి. అడుగు నుంచి ఒక ఫీటు పైన నల్లా పెట్టించుకుంటే తేట నీళ్లు పూల్‌లకు, బురద బయటికి. నాలుగింట మూడొంతుల నీళ్లు మల్ల చేతికి వస్తయి. వేస్టూ కొట్టినట్టే, ట్యాంకరూ తప్పినట్టే.

జడ్చర్ల_పంపులు:
ఇది మంచిగున్నది. పూల్‌లకు వదిలే ముందు పీహెచ్ చూసుకోవాలె, అంతే. 7.2–7.6 మధ్యల ఉండాలె.

షాద్‌నగర్_తోట:
ఇన్ని తిప్పలెందుకు, ఒకసారి మొత్తం ఖాళీ చేసి కడిగితే పోదా?

లేటరల్:
పాత పూల్‌కు ఆ పని చెయ్యొద్దన్నా. ఎండల ఖాళీగ పెడితే పలకలు కాలి వ్యాకోచించి పట్టు వదుల్తయి, గ్రౌట్ పగులుతది. వానలు పడి చెరువు నిండినంక అయితే ఇంకో ప్రమాదం: కింద ఊట నీళ్లు పైకొచ్చి ఖాళీ తొట్టిని లేపే బలం పెడ్తయి. అడుగున హైడ్రోస్టాటిక్ వాల్వు (ఊట నీళ్లను లోపలికి వదిలి ఆ బలం తగ్గించేది) ఉందో లేదో, ఉంటే పనిచేస్తదో లేదో ఎవరికి తెలుసు?

షాద్‌నగర్_తోట:
గుడ్డ పరీక్ష చేసి చెప్తా. ఇంకొకటి: వాక్యూమ్ పెట్టిన కాసేపటికే పంపు మోత మారి పీల్చుడు తగ్గుతది, ఎందుకు?

జడ్చర్ల_పంపులు:
గాలి. హోస్‌ను పూల్‌ల ముంచి ఒక మూతిని ఇన్‌లెట్‌కు ఆనించాలె, రెండో మూతి నుంచి బుడగలు ఆగేదాక నింపి, అప్పుడు వాక్యూమ్ పాయింట్‌కు తగిలియ్యాలె. అయినా పీలుస్తలేదంటే పంపు మూత కింద ఓ-రింగు చూడు. ఎండకు ఎండి పర్రెలిస్తది. మార్చి, సిలికాన్ గ్రీజు రాయి, మామూలు వ్యాసలిన్ రబ్బర్‌ను ఉబ్బిస్తది. హోస్ మూతి తిరిగే కాడ పగుళ్లు గూడ వేలితో నొక్కి చూడు. చివరికి పంపు బుట్ట. వేపాకులు నిండితే గూడ ఇదే మోత.

నకిరేకల్_పటిక:
మిగతా వాల్వులు కట్టేస్తే పీల్చుడంతా ఆ ఒక్క రంధ్రం మీదే పడుతుంది. అది నడిచేటప్పుడు పిల్లలెవరూ నీళ్లల్లో ఉండొద్దు, చెయ్యి గానీ జుట్టు గానీ పట్టిందంటే విడిపించుకోలేరు. హోస్ తీసిన వెంటనే పాయింట్‌కు మూత. పాత పూళ్లలో ఆ మూత ఎప్పుడో పోయి ఉంటుంది, స్ప్రింగుతో దానంతటదే మూసుకునే రకం తెచ్చి బిగించండి.