'ఐ కిక్డ్ అవుట్' అంటే ఎవరు ఎవర్ని గెంటినట్టు?

ప్రశ్న: ద్వారకా నగర్‌లో స్పోకెన్ ఇంగ్లీష్ క్లాసులకు వెళ్తున్నాను. అద్దె ఆలస్యమైందని ఓనర్ మమ్మల్ని రూమ్‌లోంచి గెంటేశాడు. ఆ సంగతే 'ఐ కిక్డ్ అవుట్ ఫ్రమ్ ది రూమ్' అని క్లాసులో చెప్పాను. సార్ తప్పన్నారు. ఎందుకండీ?

జవాబు: తమ్ముడూ, అది వింటే నువ్వే ఎవరినో గెంటేశావని అర్థమవుతుంది. 'ఐ గాట్ కిక్డ్ అవుట్' అనాలి, లేదా 'ఐ వాజ్ కిక్డ్ అవుట్'.

ఈ తప్పు మన తెలుగులోంచే వస్తుంది. ఇంగ్లీషు క్రియ తెలుగులోకి వచ్చినప్పుడు దాని పక్కన 'చేయు' గానీ 'అవు' గానీ చేరుస్తాం. సస్పెండ్ చేశారు, సస్పెండ్ అయ్యాడు. అరెస్ట్ చేశారు, అరెస్ట్ అయ్యాడు. చేసిందెవరు, పడిందెవరు అన్న తేడా అంతా ఆ చిన్న మాటలోనే ఉంది. ఇంగ్లీషులో చెప్పేటప్పుడు 'అయ్యాను' రాలిపోతుంది, దాని చోట రావాల్సిన 'వాజ్' రాదు. 'ఐ సెలెక్టెడ్ ఇన్ ది ఇంటర్వ్యూ' అన్నదీ ఇదే తప్పు. చదువుకున్న పిల్లలు ఈ ఒక్క దగ్గరే తడబడుతుంటే నాకు నిజంగా బాధేస్తుంది. వాళ్లకు భాష రాక కాదు, తెలుగు అంత సహజంగా వచ్చు కాబట్టి.

'వాజ్' దగ్గర టెన్షన్ అనిపిస్తే 'దే కిక్డ్ మి అవుట్' అను. మనం మాట్లాడేటప్పుడు 'గెంటివేయబడ్డాను' అనం కదా, 'గెంటేశారు' అంటాం. ఎవరో చెప్పకపోయినా సరిపోతుంది. ఆ 'దే' కూడా అలాంటిదే. కానీ 'మి' మధ్యలోనే రావాలి, 'కిక్డ్ అవుట్ మి' కుదరదు. చివర 'ఫ్రమ్' కన్నా 'అవుట్ ఆఫ్ ది రూమ్' సహజం.

ప్రశ్న: కిక్ అంటే తన్నడం కదా. ఓనర్ మమ్మల్ని తన్నలేదండీ!

జవాబు: తన్నక్కర్లేదు. 'మెడపట్టి గెంటేశారు' అన్నప్పుడు నిజంగా మెడ మీద చెయ్యి పడిందా? అయితే ఇది కబుర్లలో వాడే మాట, అర్జీలో రాయకు. అక్కడ ఇంటి సంగతైతే 'ఎవిక్టెడ్', కాలేజీ అయితే 'ఎక్స్‌పెల్డ్', ఉద్యోగమైతే 'డిస్మిస్డ్'. మనకూ అంతే. ఉద్యోగంలోంచి తీసేస్తారు, ఊళ్లోంచి వెలివేస్తారు, పార్టీ నుంచి బహిష్కరిస్తారు. మంత్రి పదవి పోతే పేపర్లవాళ్లు 'ఉద్వాసన' అంటారు. పూజ అయ్యాక దేవుణ్ణి భక్తిగా సాగనంపేటప్పుడు చెప్పే మాట అది.