తెలుగులో రాసిన పైథాన్ పాఠాల్లో కోడ్ ఉదాహరణలు చెడిపోకుండా టెస్ట్ చేసుడెట్ల?

నీలగిరి_పలక:
ఎకరాలు-గుంటల లెక్క చేసే చిన్న పైథాన్ లైబ్రరీకి పాఠాలన్నీ తెలుగులనే, మార్క్‌డౌన్ ఫైళ్లల్ల రాస్తున్నం. నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు డిగ్రీ, పాలిటెక్నిక్ పిల్లలు చదువుకునేటట్టు ఫంక్షన్ల పేర్లు గూడ తెలుగులనే పెట్టినం. ఉదాహరణలు ఇట్ల ఉంటయి:

>>> కలుపు("2.25", "1.30")
'4.15'

రెండెకరాల ఇరవై అయిదు గుంటలకు ఎకరం ముప్పై గుంటలు కలిపితే నాలుగెకరాల పదిహేను గుంటలన్నట్టు.

ఫంక్షన్ పేరు మార్చినప్పుడు పాఠంల పాత పేరే మిగిలిపోతున్నది. పిల్లలు కాపీ చేసి నడిపితే నేమ్‌ఎర్రర్ వస్తున్నది. అందుకని ఫైళ్లను డాక్‌టెస్ట్‌తోని (పాఠంల ఉదాహరణలను నడిపి, కింద రాసిన జవాబుతోని పోల్చి చూసే పైథాన్ సాధనం) నడుపుడు మొదలువెడితే వేరే చిక్కులొచ్చినయి. విండోస్ ల్యాబ్‌ల ఫైలు తెరవంగనే యూనికోడ్‌డీకోడ్‌ఎర్రర్. ఒక ఫైలుకు బైట్ 81 అంటది, ఇంకోదానికి 8డి అంటది. లినక్స్‌ల తెరుచుకుంటది గని, ప్రతి బ్లాక్‌ల ఆఖరి ఉదాహరణ ఫెయిల్. రావాల్సిన జవాబు కింద మూడు బ్యాక్‌టిక్‌లు చూపిస్తున్నది. కొన్ని ఫైళ్లయితే ఒక్క మాట గూడ చెప్పకుండ పాసైతున్నయి. అసలు నడిచినయా?

పాలమూరు_షెల్:
అన్నా, ముందు విండోస్ సంగతి. కమాండ్ లైన్ నుంచి నడిపితే డాక్‌టెస్ట్ మీ ఫైలును ఆ యంత్రం డిఫాల్ట్ ఎన్‌కోడింగ్‌తోని (బైట్లను అక్షరాలుగ చదివే పద్ధతి) తెరుస్తది. ఇంగ్లిష్ విండోస్‌ల అది మామూలుగ 1252 కోడ్ పేజీ. యూటీఎఫ్-8ల తెలుగు అక్షరానికి మూడు బైట్లు. కొమ్ముకు (ు) ఇ0, బి1, 81. పొల్లుకు (్) ఇ0, బి1, 8డి. ఆ పేజీల 81కి, 8డికి అక్షరమే లేదు, అందుకే ఆగిపోతున్నది. "ఎకరం" అన్న మాటొక్కటే ఉంటే ఎర్రర్ రాదు, పిచ్చి అక్షరాలుగ చదువుకొని పోతది. "గుంట" రాంగనే పడిపోతది. ఎర్రర్ వచ్చే ఫైలే నయం, రాని ఫైలు లోపల చెడి ఉంటది.

మందు: పైథాన్‌యూటీఎఫ్8 అన్న ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌కు 1 పెట్టుండ్రి. 3.7 నుంచి పనిచేస్తది. పైటెస్ట్‌తోని (ఇంకో టెస్ట్ సాధనం) నడిపితే ఇది అక్కర్లేదు, అది టెక్స్ట్ ఫైళ్లను యూటీఎఫ్-8గనే చదువుతది. డాక్‌టెస్ట్ గ్లాబ్ ఆప్షన్‌ల మార్క్‌డౌన్ ఫైళ్ల ప్యాటర్న్ ఇస్తే చాలు.

ఇగ బ్యాక్‌టిక్‌లు. డాక్‌టెస్ట్‌కు మార్క్‌డౌన్ తెల్వది. ఖాళీ లైనో, కొత్త >>> గుర్తో వచ్చేదాంక ఉన్నదంతా దానికి "రావాల్సిన జవాబు"నే. మీ బ్లాక్ మూసే బ్యాక్‌టిక్‌లు జవాబుకు అంటుకొని ఉన్నయి. మధ్యల ఒక ఖాళీ లైను ఇడువుండ్రి, పోతది. జవాబుల నిజంగనే ఖాళీ లైను ఉంటే అక్కడ కోణాల బ్రాకెట్లల్ల పెద్దక్షరాలతోని బ్లాంక్‌లైన్ అని రాయాలె.

చప్పుడు లేకుండ పాసైనవాటిని హైఫన్ వి పెట్టి నడుపుండ్రి, ఒక్కొక్క ఉదాహరణ చూపిస్తది. >>> లేని కోడ్‌ను డాక్‌టెస్ట్ ముట్టదు. సున్నా టెస్టులు నడిచినా దాని లెక్కల పాసే. దీనికి కావలి పెట్టాలె: చిన్న స్క్రిప్ట్‌ల టెస్ట్‌ఫైల్ ఫంక్షన్‌ను పిలిస్తే రెండు అంకెలు వాపస్ ఇస్తది, ఫెయిలైనవి, ప్రయత్నించినవి. ప్రయత్నించినవి సున్నా ఉన్న ఫైలును గూడ ఫెయిల్ కిందనే లెక్కగట్టుండ్రి. ఎన్‌కోడింగ్ గూడ అక్కడనే యూటీఎఫ్-8 అని ఇయ్యొచ్చు.

గద్వాల_చుక్క:
తెలుగు పేర్లు పెట్టినారు కాబట్టి ఇంకోటి చూసుకోండి. "పాస్‌బుక్" లాంటి మాటలో స్, బు కలిసిపోకుండా కీబోర్డు ఒక కనబడని అక్షరం పెడుతుంది, యూనికోడ్ 200సి. వేరియబుల్ పేరులో అది ఉంటే పైథాన్ సింటాక్స్ ఎర్రర్ ఇస్తుంది. స్ట్రింగ్ లోపల ఉంటే ఎర్రర్ రాదు గానీ, ప్రాంప్ట్ దగ్గర ఆ విలువను చూపేటప్పుడు మాట మధ్యలో బ్యాక్‌స్లాష్ యు200సి అని అచ్చవుతుంది. పాఠంలో మీరు చక్కగా 'పాస్‌బుక్' అని రాసుంటారు, రెండూ కలవవు. అట్లాంటి చోట ప్రింట్ వాడండి. కొటేషన్ గుర్తులు కూడా పోతాయి, పిల్లలకు చదవడానికీ బాగుంటుంది.

ఒక ఫైలులోని ఉదాహరణలన్నీ ఒకే నేమ్‌స్పేస్‌లో (పేర్లన్నీ ఉండే ఉమ్మడి చోటు) నడుస్తాయి. పైన ఎక్కడో చేసిన ఇంపోర్ట్ మీద కింది ఉదాహరణ బతుకుతుంది. పిల్లలు మూడో బ్లాక్ ఒక్కటే కాపీ చేసుకుంటే వాళ్ల దగ్గర నడవదు, మీ టెస్ట్ మాత్రం పచ్చగానే ఉంటుంది. పాఠానికి ఒక ఫైలు పెట్టి, ప్రతి ఫైలు మొదట్లో ఇంపోర్ట్ మళ్లీ రాయండి. మొదటి ఇంపోర్ట్ తప్పితే కింద అన్నీ వరుసగా ఫెయిలవుతాయి. హైఫన్ ఎఫ్ పెడితే మొదటి తప్పు దగ్గరే ఆగుతుంది.

సెట్‌ను నేరుగా చూపించకండి. స్ట్రింగుల హాష్ (పైథాన్ లోపల వాడుకునే అంకె) ప్రతిసారీ మారుతుంది, 3.3 నుంచి అంతే, కాబట్టి వరుస కూడా మారుతుంది. సార్టెడ్ చేసి చూపించండి. తేదీ, మెమరీ అడ్రస్ లాంటి చోట ఎలిప్సిస్ ఆప్షన్ పెట్టి మూడు చుక్కలు వాడొచ్చు, కానీ జవాబు లైనును చుక్కలతో మొదలుపెట్టకూడదు. డాక్‌టెస్ట్ దాన్ని పై కోడ్‌కు కొనసాగింపు అనుకుంటుంది.

దేవరకొండ_పాఠం:
పైన చెప్పినవన్నీ సరైనవే. అయితే డాక్‌టెస్ట్ చూసేది పాఠంలోని జవాబు, ప్రోగ్రామ్ ఇచ్చే జవాబు ఒకటేనా అని మాత్రమే. లెక్క ఒప్పా తప్పా దానికి తెలియదు. టెస్ట్ ఫెయిలైతే టెర్మినల్‌లో వచ్చినదాన్ని పాఠంలో అతికించి పాస్ చేయించడం సులువు. అట్లా చేస్తే తప్పు లెక్క పాఠంలో స్థిరపడిపోతుంది, మళ్లీ ఎవరూ తిరిగి చూడరు. జవాబును ముందు కాగితం మీద చేసి రాయండి, తర్వాత నడపండి.

గుంటల విషయంలో ఇది చాలా ముఖ్యం. చుక్క ఉంది గానీ ఇది దశాంశం కాదు. 40 గుంటలకు ఎకరం. "1.10" అంటే ఎకరం పది గుంటలు. దాన్ని ఫ్లోట్ చేస్తే 1.1 అవుతుంది, పది గుంటలో ఒక గుంటో తెలియదు. మీరు స్ట్రింగులు తీసుకుంటున్నారు, అట్లానే ఉంచండి. ఉదాహరణలు కూడా అంచుల దగ్గరివి పెట్టండి:

>>> కలుపు("0.39", "0.01")
'1.00'
>>> కలుపు("1.05", "1.10")
'2.15'

మొదటిది ఎకరం నిండే చోటు. రెండోదాన్ని "1.5" అని రాసే పిల్లలుంటారు, సున్నా ఎందుకు కావాలో పాఠంలోనే చెప్పండి. "1.45" ఇస్తే వాల్యూఎర్రర్ రావాలి, అదీ చూపించండి. దానికి ట్రేస్‌బ్యాక్ మొదటి లైను, చివరి లైను సరిగ్గా ఉంటే చాలు. మధ్యలో వచ్చే ఫైలు పేర్లు, లైను నంబర్లు డాక్‌టెస్ట్ పట్టించుకోదు, అక్కడ మూడు చుక్కలు పెట్టేయండి.

రస్ట్, గో నేర్పేటప్పుడు కూడా ఇదే పద్ధతి. రస్ట్ లైబ్రరీల్లో కార్గో టెస్ట్ డాక్ కామెంట్లలోని కోడ్‌ను కూడా నడుపుతుంది. గోలో ఎగ్జాంపుల్ ఫంక్షన్ చివర అవుట్‌పుట్ కామెంట్ లేకపోతే అది కంపైల్ అవుతుందే తప్ప నడవదు. చాలామంది అక్కడే మోసపోతారు.

నీలగిరి_పలక:
ఖాళీ లైను పెట్టంగనే బ్యాక్‌టిక్‌ల గొడవ పోయింది. మేడం, "0.39" ఉదాహరణ పాఠంల పెడుతున్నం. మేము కోడ్ ముట్టకున్నా కొత్త పైథాన్ వస్తే ఉదాహరణ చెడిపోవచ్చు గదా, దానికేం చెయ్యాలె?

పాలమూరు_షెల్:
గిట్‌హబ్ యాక్షన్స్‌ల (టెస్టులను తనంతట తానే నడిపే సౌకర్యం) పుష్ అయినప్పుడే కాదు, వారానికొకసారి గూడ నడిచేటట్టు షెడ్యూల్ పెట్టుండ్రి. ల్యాబ్‌ల ఉన్న పాత వెర్షన్, ఇప్పటి కొత్త వెర్షన్, రెండూ మ్యాట్రిక్స్‌ల (ఏయే వాటి మీద నడపాలో చెప్పే పట్టిక) ఉండాలె. విండోస్ రన్నర్ (టెస్టులు నడిపే యంత్రం) గూడ ఒకటి చేర్చుండ్రి, లేకుంటే ఎన్‌కోడింగ్ తప్పు మళ్ల ల్యాబ్‌లనే బయటపడతది. క్రాన్ టైము (షెడ్యూల్ నడిచే టైము) మామూలుగ యూటీసీల రాస్తరు; సోమవారం పొద్దున 9 గంటలకు కావాలంటే 3:30 అని రాయాలె. పబ్లిక్ రిపోల 60 రోజులు ఏ కదలికా లేకుంటే గిట్‌హబ్ ఆ షెడ్యూల్‌ను ఆపేస్తది. ఎండాకాలం సెలవుల తర్వాత యాక్షన్స్ పేజీ తెరిచి, ఆగి ఉంటే మళ్ల ఎనేబుల్ చేసుకోండ్రి.