అనామిక మీద ఎవరు? ‘పురా కవీనాం’ చాటువూ, రాపర్ల వరుసా

(ఆటవెలది, బూమ్‌బాప్, సీసమాలిక, పదకోశం: ఇక్కడ మాట్లాడుకుంటున్న నలుగురి కలంపేర్లు.)

ఆటవెలది:
పురా కవీనాం గణనాప్రసంగే
కనిష్ఠికాధిష్ఠిత కాళిదాసః ।
అద్యాపి తత్తుల్యకవేరభావాత్
అనామికా సార్థవతీ బభూవ ॥

కవుల్ని వేళ్ల మీద లెక్కపెట్టబోతే చిటికెనవేలి దగ్గరే కాళిదాసు కూర్చున్నాడు. సాటివాడు దొరక్క పక్కవేలికి అనామిక (పేరు లేనిది) అన్న పేరు నిజమైపోయింది. ర్యాప్ అభిమానుల ‘గోట్’ (అందరిలోకీ గొప్పవాడెవరన్న) గొడవ కూడా ఇదే కదండీ. 1987 నాటి రకీమ్‌నీ, 1994 నాటి నాస్‌నీ, ఇప్పటి కెండ్రిక్ లమార్‌నీ ఒకే చేతి వేళ్ల మీద లెక్కపెట్టే పద్ధతి ఏదైనా ఉందా?

బూమ్‌బాప్:
వేళ్ల లెక్క కన్నా ‘ఉపమా కాళిదాసస్య’ నయం. అది ఎవరు ముందో చెప్పదు, ఎవరి సొత్తు ఏదో చెబుతుంది. ఉపమ కాళిదాసుది, అర్థగౌరవం భారవిది, పదలాలిత్యం దండిది. ర్యాప్‌లోనూ ఫ్లో (మాటలు తాళం మీద సాగే తీరు), రైమ్, కథనం, గొంతు దేనికది విడిగా చూడాలి.

ఫ్లో చూడాలంటే కాగితం కావాలి. ఒక వెర్స్ (ర్యాప్ చరణం) సాధారణంగా 16 బార్లు, బార్‌కి నాలుగు దెబ్బలు. నిమిషానికి 90 దెబ్బల (90 బీపీఎం) పాటలో ఆ 16 బార్లూ 43 సెకన్లలో అయిపోతాయి. నాలుగు గడులు గీసి, ఏ అక్షరం ఏ దెబ్బ మీద పడిందో రాసి, రైమ్ అయిన చోట సున్నా చుట్టండి. 1979 నాటి ‘రాపర్స్ డిలైట్’కి సున్నాలు ఎక్కువగా నాలుగో గడిలోనే వరుసగా పడతాయి. 1987 నాటి ‘పెయిడ్ ఇన్ ఫుల్’లో రకీమ్ వెర్స్ గీయండి: సున్నాలు రెండో గడిలోకీ మూడో గడిలోకీ చెదిరిపోతాయి, వాక్యం బార్ దాటి కిందికి జారుతుంది. ఆయన శాక్సఫోన్ నేర్చినవాడు. ఊపిరి ఎక్కడ ఆపాలన్నది ఆ వాయిద్యం దగ్గరే పట్టుబడిందంటే నమ్మొచ్చు.

ఇక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. ఇదే కాగితంతో నాస్ ఆల్బమ్ ‘ఇల్‌మాటిక్’ని కొలిస్తే సున్నాలు ఇంకా ఎక్కువ వస్తాయి, వెంటనే ‘నాస్ పైన’ అనేస్తారు. రకీమ్ తవ్విన బావిలో నీళ్లు తోడుకున్నవాడికి కడవలు ఎక్కువ నిండవా? మనిషిని తనకి ముందటి అయిదేళ్ల రికార్డులతో పోల్చి, కొత్తగా ఏం తెచ్చాడో చూడాలి.

సీసమాలిక:
బాగుంది. ఒక్క హెచ్చరిక. రైమ్‌ని మన ప్రాస అనుకుని సున్నాలు చుట్టకండి. మన ప్రాసలో రెండో అక్షరం హల్లు కలవాలి, దాని మీది అచ్చు ఏదైనా ఫర్వాలేదు. ర్యాప్‌లో పెద్ద రైములు దీనికి తలకిందులు: అచ్చులు వరుసగా కలవాలి, హల్లులు ఎటుపోయినా చెవి సర్దుకుంటుంది. ఆరెంజ్‌కి రైమ్ లేదనే మాటకి జవాబుగా రాపర్ ఎమినెమ్ 2010లో ఒక టీవీ ఇంటర్వ్యూలో ఫోర్ ఇంచ్, డోర్ హింజ్, స్టోరేజ్, పోరిడ్జ్ వరసపెట్టి చెప్పాడు. హల్లులు చూస్తే ఏదీ పూర్తిగా కలవదు. ‘ఓర్’, ఆ వెంట పొట్టి ‘ఇ’: పని చేస్తున్నది అదే. రాత చూసి గుర్తుపెడితే సగం జారిపోతాయి, విని పెట్టాలి.

ఆటవెలది:
అయితే మాస్టారూ, అమెరికాలో ఇచ్చే పులిట్జర్ బహుమతి సంగతి? 2018లో కెండ్రిక్‌కి వచ్చింది, రకీమ్‌కి రాలేదుగా.

సీసమాలిక:
దానికీ మనవాళ్ల శ్లోకం ఉంది.
తావద్భా భారవేర్భాతి యావన్మాఘస్య నోదయః ।
ఉదితే నైషధే కావ్యే క్వ మాఘః క్వ చ భారవిః ॥
మాఘుడు వచ్చేదాకా భారవి వెలుగు, నైషధం వచ్చాక ఇద్దరూ ఎక్కడ అని. కొత్తవాడి మోజు పాతదే! పదలాలిత్యం దగ్గర ‘దండినః’ బదులు ‘నైషధే’ అని చదివేవాళ్లూ ఉన్నారు. ఏడో శతాబ్దం దండి కుర్చీలో పన్నెండో శతాబ్దం వాడు, నైషధకర్త శ్రీహర్షుడు. శ్రీనాథుడి చలవతో నైషధం మనకి దగ్గరిది కాబట్టి మనకేమీ అభ్యంతరం ఉండదు, అది వేరే సంగతి. పులిట్జర్ సంగీత బహుమతి శాస్త్రీయం, జాజ్ దాటి వచ్చింది కెండ్రిక్ ఆల్బమ్ ‘డ్యామ్’తోనే. గ్రామీల్లో ర్యాప్‌కి విభాగం మొదలైందే 1989లో. తలుపే లేని కాలంలో లోపలికి రాలేదని మార్కులు కోయడం అన్యాయం.

పదకోశం:
అమ్మకాలూ అంతే. 1990లలో అమెరికాలో ప్లాటినమ్ గుర్తింపు అంటే పది లక్షల కాపీలు దుకాణాలకి చేరినట్టు. 2016 నుంచి 1,500 స్ట్రీములు ఒక ఆల్బమ్ కింద లెక్క. రెండు కాలాల ప్లాటినమ్‌లని పక్కపక్కన పెట్టకూడదు. పదసంపద లెక్క కూడా జాగ్రత్త. 2014లో మాట్ డేనియల్స్ ఒక్కో రాపర్ మొదటి 35,000 పదాల్లో వేర్వేరువి ఎన్నో లెక్కించాడు. ఏసాప్ రాక్ 7,392తో మొదటివాడు. ఆ సూత్రం తెలుగు ర్యాప్‌కి పెడితే వచ్చాడు, వచ్చాడా, వచ్చాడట, వచ్చాడేమో నాలుగు పదాలవుతాయి. మనవాళ్లు కష్టపడకుండానే ఏసాప్ రాక్‌ని దాటేస్తారు. ముందు ధాతువులు విడదీయాలి.

ఆటవెలది:
చివరిది. లారిన్ హిల్‌కి సొంతంగా ఒకే స్టూడియో ఆల్బమ్, 1998ది. ఆమెని లెక్కలోకి తీసుకోవచ్చా?

బూమ్‌బాప్:
భారవికి మిగిలింది ఒక్క కిరాతార్జునీయం, మాఘుడికి ఒక్క శిశుపాలవధ. వాళ్లని తీసేస్తానంటే ఆమెనీ తీసేయండి.