జీలిబ్‌సీ టెస్టుల్లో అయిదు ఫెయిల్: ఇన్‌స్టాల్ కొట్టేయాలా, ఆగాలా?

మధురవాడ_కుర్రాడు:
అందరికీ నమస్తే. లినక్స్ ఫ్రమ్ స్క్రాచ్ 12.3 పుస్తకం (సోర్స్ కోడ్ నుంచి లినక్స్ మొత్తం మనమే కట్టుకోవడం నేర్పేది) పట్టుకుని సొంత సిస్టమ్ కడుతున్నాను. ఎనిమిదో అధ్యాయంలో జీలిబ్‌సీ 2.41 (దాదాపు అన్ని ప్రోగ్రాములూ ఆధారపడే సీ లైబ్రరీ) దగ్గర ఆగిపోయాను. హోస్ట్, అంటే దీన్ని కట్టడానికి వాడుతున్న సిస్టమ్, ఉబుంటు 25.04, కెర్నల్ 6.14. లైబ్రరీ టెస్టులు నడిపే మేక్ చెక్ కమాండ్ చాలాసేపు నడిచి చివర్లో ఎర్రర్ కొట్టింది. అయిదు వేలకు పైగా టెస్టుల్లో ఫెయిలైనవి ఇవి:

ఐఓ/టీఎస్‌టీ-ఎల్‌సీహెచ్‌మాడ్
ఎన్‌ఎస్‌ఎస్/టీఎస్‌టీ-ఎన్‌ఎస్‌ఎస్-ఫైల్స్-హోస్ట్స్-మల్టీ
ఎన్‌పీటీఎల్/టీఎస్‌టీ-థ్రెడ్-అఫినిటీ-పీథ్రెడ్
మిస్క్/టీఎస్‌టీ-పీరీడ్‌వీరైట్‌వీ2
మిస్క్/టీఎస్‌టీ-పీరీడ్‌వీరైట్‌వీ64వీ2

మొదటి మూడూ ఫెయిల్ కావచ్చని పుస్తకంలోనే ఉంది. చివరి రెండింటి ఊసే లేదు. ఈ టెస్టులు ఎట్టి పరిస్థితుల్లోనూ వదలొద్దని కూడా అదే పుస్తకం చెబుతోంది. మా రూమ్మేట్ మాత్రం ‘కొట్టేయరా, ఏం కాదు’ అంటున్నాడు. ఏం చేయమంటారు?

బీచ్‌రోడ్_బైనరీ:
రూమ్మేట్ కరెక్ట్. అయిదు వేలల్లో అయిదు అంటే 0.1 శాతం కూడా లేదు. సెమిస్టర్‌లో 99.9 వస్తే నీ ఫొటో కాలేజీ గేటు బయట ఫ్లెక్సీ మీద ఉండేది బ్రో. మేక్ ఇన్‌స్టాల్ కొట్టు, ముందుకెళ్లు.

గాజువాక_రూట్:
మార్కుల లెక్క ఇక్కడ పనికిరాదు తమ్ముడూ. పరీక్షలో ఒక ప్రశ్న పోతే రెండు మార్కులు పోతాయి, మిగతా పేపరుకేం కాదు. జీలిబ్‌సీలో మెమరీ కాపీ చేసే ఫంక్షన్ ఒక్కటి తేడాగా ఉంటే బాష్, ఎల్‌ఎస్, సీపీ, జీసీసీ లాంటి ప్రోగ్రాములన్నీ తేడాగానే ఉంటాయి. ఎన్ని ఫెయిలయ్యాయన్నది కాదు, ఏవి ఎందుకు ఫెయిలయ్యాయో చెప్పమను.

టెస్టులంటే చిరాకు పడేవాళ్ల కోసం ఒక పాత కథ. ఘోస్ట్ అని పేరు పడిన లోపం గుర్తుందా? 2000లో వచ్చిన జీలిబ్‌సీ 2.2 నుంచీ సైటు పేరిస్తే ఐపీ అడ్రస్ చెప్పే గెట్‌హోస్ట్‌బైనేమ్ లోపల బఫర్ పొంగిపోయే (కేటాయించిన మెమరీ దాటి రాసేసే) తప్పు ఉండేది. 2013 జనవరిలో సరిచేశారు, దానికి డిజిట్స్-డాట్స్ అని ఒక టెస్టు కూడా రాశారు. అది సెక్యూరిటీ లోపమని లోకానికి తెలిసింది మాత్రం 2015 జనవరిలో. ఆ టెస్టు ఇప్పటికీ నీ మేక్ చెక్‌లో నడుస్తూనే ఉంది. అలాంటిది ఫెయిలైనా ‘0.1 శాతమే కదా’ అని ఇన్‌స్టాల్ చేస్తావా?

పెందుర్తి_పింగ్:
అసలు ఏటి బాబూ ఈ బాధ? ఉబుంటులో ఆప్ట్ అప్‌గ్రేడ్ అని కొడితే ఈ టెస్టులన్నీ నడిపిన ప్యాకేజీ ఊరికే వస్తాది కదా.

మధురవాడ_కుర్రాడు:
పింగ్ అన్నా, లోపల ఏం జరుగుతుందో తెలుసుకుందామనే ఇది కడుతున్నాను. ఆప్ట్‌తో పనైపోతుందని నాకూ తెలుసు.

బీచ్‌రోడ్_బైనరీ:
గాజువాక అన్నా, మీ కథ బానే ఉంది, ఇంకోటి నేను చెబుతా. 2010లో ఫెడోరా 14తో పాటు వచ్చిన జీలిబ్‌సీలో మెమరీ కాపీ చేసే మెమ్‌సీపీవై ఫంక్షన్‌ని వేగం కోసం కొత్తగా రాశారు. కొన్ని ప్రాసెసర్లలో డేటాను వెనక నుంచి ముందుకు కాపీ చేయడం మొదలెట్టింది. దాంతో ఫ్లాష్ ప్లేయర్‌లో ఆడియో పాడైంది. ఆ బగ్ రిపోర్టులోకి లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ స్వయంగా వచ్చి వాదించాడు. ఏ టెస్టు పట్టుకుంది దాన్ని? మేక్ చెక్ మొత్తం పచ్చగా వచ్చినా సిస్టమ్ పాడవచ్చు, అయిదు ఎర్రగా వచ్చినా బాగానే ఉండొచ్చు.

గాజువాక_రూట్:
అది టెస్టులో దొరికే విషయమే కాదు. మూలం, గమ్యం ఒకదాని మీదికి ఒకటి వచ్చేలా మెమ్‌సీపీవై వాడకూడదని సీ ప్రమాణమే చెబుతోంది. ఫ్లాష్ వాడింది. తప్పు వాడకానికి లైబ్రరీ టెస్టు ఎందుకు రాస్తారు? తర్వాత 2.14లో మెమ్‌సీపీవైకి కొత్త సింబల్ వెర్షన్ (ఫంక్షన్ పేరుకు తగిలించే వెర్షన్ గుర్తు) ఇచ్చి, అప్పటికే కంపైల్ అయిన పాత బైనరీలకు పాత ప్రవర్తనే దక్కేలా చూశారు. టెస్టులు అన్నీ పట్టలేవన్నావు, సరే. అంటే పట్టినవాటినీ వదిలేయాలా?

మద్దిలపాలెం_మాస్టారు:
ఇద్దరూ సిద్ధాంతం దగ్గరే ఆగిపోయారు, కుర్రాడి అయిదు టెస్టులు అలాగే ఉన్నాయి.

బాబూ, బిల్డ్ డైరెక్టరీలో టెస్ట్స్.సమ్ అనే ఫైలు ఉంటుంది. ముందు అందులో ఫెయిల్ అని ఉన్నవాటినే ఏరు. అన్‌సపోర్టెడ్, ఎక్స్‌ఫెయిల్ అన్నవి చూసి కంగారు పడొద్దు. మొదటిది నీ సెటప్‌లో నడపలేనిది, రెండోది ఫెయిలవుతుందని వాళ్లకు ముందే తెలిసినది. తర్వాత ఒక్కో ఫెయిల్‌కీ అదే పేరుతో .అవుట్ ఫైలు ఉంటుంది, తెరిచి చదువు. ఈ పని చేయకుండా ఫోరంలో అడిగేవాళ్లే ఎక్కువ (నిన్ను అనడం లేదు, నువ్వు కనీసం పేర్లు ఇచ్చావు).

హోస్ట్స్-మల్టీ, అఫినిటీ ఫైళ్లలో ‘టైమ్డ్ అవుట్’ అని కనిపిస్తే అది లైబ్రరీ తప్పు కాదు, నీ మిషన్ నెమ్మది. మేక్ టెస్ట్ అని కొట్టి, టీ= దగ్గర ఆ టెస్టు పేరిచ్చి, ముందు టైమ్‌అవుట్‌ఫ్యాక్టర్=10 పెట్టి ఒక్కదాన్నే నడుపు. ఎల్‌సీహెచ్‌మాడ్ సీహెచ్‌రూట్ (హోస్ట్‌లోనే ఒక ఫోల్డర్‌ని రూట్‌గా చేసుకుని పనిచేసే చోటు) లోపల ఫెయిలవుతుందని పుస్తకమే చెప్పింది.

అసలు విషయం చివరి రెండూ. తేదీలు చూడు. జీలిబ్‌సీ 2.41 విడుదలైంది 2025 జనవరి చివర్లో. నీ పుస్తకం మార్చి మొదట్లో. కెర్నల్ 6.14 మార్చి 24న. పుస్తకం రాసేటప్పటికి ఆ కెర్నలే లేదు, ఇక జాబితాలో ఎలా ఉంటుంది? ఈ టెస్టు ఏం చేస్తుందంటే, ఫైలు చదివే పీరీడ్‌వీ2 ఫంక్షన్‌కి ఎవరికీ కేటాయించని ఒక ఫ్లాగ్ బిట్ ఇచ్చి, కెర్నల్ ‘కుదరదు’ అంటుందా లేదా అని చూస్తుంది. 6.14లో డోంట్‌క్యాష్ అని కొత్త ఫ్లాగ్ పెట్టి ఆ బిట్ దానికి ఇచ్చేశారు. కెర్నల్ ‘సరే’ అంటుంది, టెస్టు ఫెయిల్ అంటుంది. ఫంక్షన్ బాగానే ఉంది. సీహెచ్‌రూట్‌లో ఉన్నా నడిచేది హోస్ట్ కెర్నలే కాబట్టి నీ ఉబుంటు కెర్నల్ ఇక్కడ తగులుకుంది.

ఎంవీపీ_మేక్:
మాస్టారూ, టైమ్‌అవుట్ల గురించి ఒక మాట కలుపుతాను. మన ఊళ్లో ఎండాకాలం ఏసీ లేని గదిలో లాప్‌టాప్ మీద -జె8 (ఒకేసారి ఎనిమిది పనులు) పెట్టి ఈ టెస్టులు నడిపితే వేడికి ప్రాసెసర్ స్పీడు తానే తగ్గించుకుంటుంది. సముద్రపు గాలికి ఫ్యాన్‌లో పేరుకునే జిగురు దుమ్ము సంగతి చెప్పక్కర్లేదు. బిల్డ్‌కి -జె8 వాడుకో, టెస్టులకు -జె2 చాలు. రాత్రి పడుకునే ముందు పెట్టు.

గాజువాక_రూట్:
మాస్టారి మాట కాదనను గానీ, ‘ఇవి తెలిసిన ఫెయిల్యూర్లే’ అనే జాబితాలతోనే నా గొడవంతా. పేరు జాబితాలో ఉందని వదిలేస్తారు. అదే పేరు వేరే కారణంతో ఫెయిలైతే? ఎల్‌సీహెచ్‌మాడ్ .అవుట్ ఫైలు కూడా తెరవాల్సిందే. చివరి రెండింటికీ మాస్టారు చెప్పింది నమ్మదగిన కారణమే, రుజువు మాత్రం కాదు. 6.13 కెర్నల్‌తో హోస్ట్ బూట్ చేసి మళ్లీ నడపాలి. అప్పుడు పాసైతే ఒప్పుకుంటా.

బీచ్‌రోడ్_బైనరీ:
సొంత లాప్‌టాప్‌లో నేర్చుకునే సిస్టమ్‌కి ఇంత తతంగమా? ఇదేమైనా బ్యాంకు సర్వరా అన్నా?

ఎంవీపీ_మేక్:
ఇక్కడ బీచ్‌రోడ్ వైపే నేను, కానీ కారణం వేరు. అతను ఇన్‌స్టాల్ చేసేది సీహెచ్‌రూట్ లోపల. పాడైనా ఉబుంటుకి ఏమీ కాదు. ఏడో అధ్యాయం చివర్లో టార్ బ్యాకప్ తీసుకోమన్నారు, అది ఉంటే వెనక్కి రావచ్చు. నడుస్తున్న సిస్టమ్ మీదే కొత్త జీలిబ్‌సీ ఎక్కించేవాళ్ల సంగతి పూర్తిగా వేరు. అక్కడ లైబ్రరీ తేడా పడితే ఎల్‌ఎస్ కూడా లేవదు, ఫైళ్ల పేర్లు చూడాలంటే బాష్‌లో ‘ఎకో *’ కొట్టుకోవాలి. వాళ్లకైతే గాజువాక అన్న చెప్పినంతా చేయమనే అంటాను.

ఇన్‌స్టాల్‌కి ముందు ఇంకోటి. బిల్డ్ డైరెక్టరీలో టెస్ట్‌రన్.ఎస్‌హెచ్ అని స్క్రిప్టు ఉంటుంది. దాని వెనక ఎల్‌ఎస్, బాష్ పూర్తి పాత్‌తో ఇచ్చి చూడు. కొత్త లైబ్రరీ ఎక్కించకుండానే దాని మీద నడుస్తాయి.

మధురవాడ_కుర్రాడు:
అన్నీ చేశాను. టైమ్‌అవుట్‌ఫ్యాక్టర్=10తో హోస్ట్స్-మల్టీ, అఫినిటీ రెండూ పాస్. పీరీడ్‌వీరైట్‌వీ2 రెండింటి అవుట్‌పుట్‌లోనూ మాస్టారు చెప్పినట్టే, చెల్లని ఫ్లాగ్‌కి ఎర్రర్ రావాల్సిన చోట రాలేదు. ఎల్‌సీహెచ్‌మాడ్ అలాగే ఉంది. టెస్ట్‌రన్‌తో బాష్ మామూలుగా లేచింది. బ్యాకప్ పెన్‌డ్రైవ్‌లో ఉంది. ఈ రాత్రికి ఇన్‌స్టాల్ చేసేస్తున్నాను.

గాజువాక_రూట్:
చేసుకో. నేనైతే 6.13తో నడపకుండా చేయను. ఒక్కటి మాత్రం విను, జీలిబ్‌సీ బిల్డ్ డైరెక్టరీ డిలీట్ చేయకు. పుస్తకం కట్టించే కెర్నల్ 6.13.4 కదా, కొత్త సిస్టమ్ దానితో బూట్ అయ్యాక ఆ రెండు టెస్టులూ, ఎల్‌సీహెచ్‌మాడ్ కూడా మళ్లీ నడిపి ఇక్కడ పెట్టు.

బీచ్‌రోడ్_బైనరీ:
పాసైతే గాజువాక అన్న మాకు ఫిషింగ్ హార్బర్ దగ్గర చేపల వేపుడు పెట్టిస్తారు.

గాజువాక_రూట్:
ఫెయిలైతే నువ్వు పెట్టించు. ఎల్‌సీహెచ్‌మాడ్ కూడా లెక్కలోకే.